గోడకెక్కిన మాగ్రిట్: ఒక అధివాస్తవిక చిత్రకారుడి ప్రదర్శనలు

బ్రస్సెల్స్ నగరానికి వాయవ్యంగా జెట్టె అనే పేట ఉంది. అక్కడి ఎస్సెగెమ్ వీధిలో 135వ నంబరు ఇల్లు ఆ వరసలోని మిగతా ఇళ్ల మధ్య ప్రత్యేకంగా కంటికి ఆనేది కాదు. రెనె మాగ్రిట్, ఆయన భార్య జార్జెట్ 1930 నుంచి 1954 వరకు ఆ ఇంటి కింది వాటాలో అద్దెకున్నారు. వాళ్లు కూర్చునే గదిలో ఒక ఫైర్‌ప్లేస్ ఉంది. మాగ్రిట్ 1938లో వేసిన ఒక చిత్రంలోనూ అదే ఫైర్‌ప్లేస్ కనిపిస్తుంది: పైన గడియారం, అటూ ఇటూ రెండు కొవ్వొత్తి స్తంభాలు, వెనక పెద్ద అద్దం. అయితే నిప్పు ఉండవలసిన చోట నిప్పు లేదు. ఒక ఆవిరి రైలింజను పట్టాలు లేకుండా గాలిలో తేలుతూ గదిలోకి చొచ్చుకువస్తుంటుంది. దాని పొగ మాత్రం గదికి మసి అంటించకుండా, బుద్ధిగా చిమ్నీలోకే పోతుంది. అద్దంలో గడియారం, ఒక స్తంభం ప్రతిబింబిస్తాయి. రెండో స్తంభం ప్రతిబింబించదు. ఈ చిత్రానికి ఫ్రెంచిలో పెట్టిన పేరును తెలుగులో చెప్పాలంటే 'కత్తిపోటు తిన్న కాలం' అనాలి.

దీన్ని తీసుకున్నది ఎడ్వర్డ్ జేమ్స్ అనే ఇంగ్లిషు శ్రీమంతుడు. లండన్‌లోని ఆయన ఇంట్లో మెట్ల మొదట్లో దీన్ని పెడితే, పైన నాట్యశాలకు వెళ్లే అతిథులను ఇంజను పొడిచినట్టుగా ఉంటుందని మాగ్రిట్ ఆశపడ్డాడు. జేమ్స్ మాత్రం దాన్ని తీసుకెళ్లి తన ఫైర్‌ప్లేస్ పైన వేలాడదీశాడు. నిజమైన ఫైర్‌ప్లేస్ మీద బొమ్మ ఫైర్‌ప్లేస్ చేరింది, పోటు కాస్తా అలంకారమైంది. ఇప్పుడు ఆ చిత్రం చికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉంది. అక్కడ మెట్లూ లేవు, ఫైర్‌ప్లేసూ లేదు, ఉన్నదల్లా మ్యూజియం గోడ.

బొమ్మ ఒకటే అయినా ఉన్న చోటును బట్టి అది చేసే పని మారిపోతుంది. ఏ చిత్రకారుడి విషయంలోనైనా ఇది కొంతవరకు నిజమే, కానీ మాగ్రిట్ విషయంలో ఇది ముఖ్యమైన చిక్కు. ఆయన రంగుల పూతతో గానీ కుంచె విన్యాసంతో గానీ ఆకట్టుకునే చిత్రకారుడు కాడు. పాఠశాల గోడ మీద తగిలించే బొమ్మల పటంలా, ఉన్నది ఉన్నట్టు, నునుపుగా వేస్తాడు. చూపరి తలలో జరిగే తడబాటే ఆయన అసలు పదార్థం. మ్యూజియం వాళ్లకేమో తడబాటును విడమరచి చెప్పడం వృత్తి ధర్మం. అందుకే గత ఇరవై, ఇరవై అయిదేళ్లలో వచ్చిన మాగ్రిట్ ప్రదర్శనలను వరసగా చూస్తే ఒక సంగతి తేటపడుతుంది. ఆయన మనసులోని గాయాలను వెతికి చూపించిన చోట చిత్రాలు చిన్నబోయాయి. ఆయన పనివాడుగా ఎలా బతికాడో, ఏ బల్ల దగ్గర, ఏ కాన్వాసు మీద, ఏ అవసరం కోసం వేశాడో చూపించిన చోట చిత్రాల వింత తగ్గకపోగా పెరిగింది.

గాయం అనగానే అందరూ ఎత్తే కథ ఒకటుంది. మాగ్రిట్ 1898 నవంబరు 21న బెల్జియంలోని లెస్సీన్‌లో పుట్టాడు. 1912 ఫిబ్రవరిలో, ఆయనకు పదమూడేళ్ల వయసప్పుడు, తల్లి రెజీనా ఒక రాత్రి ఇల్లు విడిచి వెళ్లి సాంబ్ర్ నదిలో పడి ఆత్మహత్య చేసుకుంది. శవం మార్చిలో గానీ దొరకలేదు. ఇంతవరకు జరిగినదే. నదిలోంచి తీసినప్పుడు ఆమె రాత్రి దుస్తు మొహం మీదికి చుట్టుకుని ఉందనీ, అది ఆ పిల్లవాడు కళ్లారా చూశాడనీ, 1928లో వేసిన 'ప్రేమికులు' చిత్రంలో ముద్దుపెట్టుకుంటున్న ఇద్దరి తలలకూ తెల్లగుడ్డ చుట్టడానికి కారణం అదేననీ తర్వాత అల్లుకుంది. మాగ్రిట్ సమగ్ర చిత్రసూచిని సిద్ధం చేసిన విమర్శకుడు డేవిడ్ సిల్వెస్టర్ ఈ కథను నమ్మలేదు. మాగ్రిట్‌కు ముఖానికి ముసుగు వేసుకు తిరిగే నేరగాడు ఫాంతోమాస్ కథలంటే బాల్యం నుంచీ పిచ్చి. గుడ్డ కప్పిన మొహాలకు ఆ చవక నవలలూ, 1913లో వచ్చిన వాటి మూకీ చిత్రాలూ కూడా అంతే గట్టి ఆధారాలు కాగలవు.

చిక్కేమిటంటే, తల్లి చావు కథ ఒక్కసారి గోడమీది వివరణ పలక ఎక్కిందంటే ఇక చూపరి బొమ్మను చూడడు. పలక చదువుతాడు, తల పంకిస్తాడు, తర్వాతి బొమ్మకు నడుస్తాడు. గుడ్డ కింద ఉన్నవాళ్లకు ఊపిరి ఎలా ఆడుతోంది, ఆ ముద్దులో ఎవరు ఎవరిని ముద్దాడుతున్నట్టు అన్న ఇబ్బంది కలగకముందే సమాధానం చేతికి అందుతుంది. మాగ్రిట్ బతికి ఉన్నంతకాలం మనోవిశ్లేషణ వ్యాఖ్యానాలను ఒల్లకపోవడానికి ఇదే కారణం. తన చిత్రాల పేర్లు కూడా వివరణగా పనికి రాకూడదని ఆయన పట్టు. వారాంతాల్లో ఇంటికి వచ్చే మిత్రులు, ముఖ్యంగా లూయి స్కూటనేర్, పోల్ నూజే, బొమ్మ చుట్టూ చేరి పేర్లు సూచించేవాళ్లు. బొమ్మలో ఉన్నదాన్ని చెప్పే పేరు పక్కకు పోయేది, బొమ్మకు కాస్త దూరంగా నిలబడే పేరు నెగ్గేది. కాబట్టి మాగ్రిట్ చిత్రం కింద పేరు చదివి అర్థం తెలిసిందనుకునే చూపరిని ఆ మిత్రబృందం ముందే ఊహించిందన్నమాట.

తెలుగు పాఠకులకు ఇక్కడ చిన్న హెచ్చరిక అవసరం. సర్రియలిజం అనే మాట మనకు బొమ్మల కన్నా ముందు కవిత్వం వెంట, శ్రీశ్రీ, శ్రీరంగం నారాయణబాబు వంటివారి ద్వారా వచ్చింది. అందువల్ల అధివాస్తవికత అంటే అదుపులేని మాటల ప్రవాహం, కలవరింత అనే అభిప్రాయం స్థిరపడిపోయింది. ఫ్రెంచి కవి ఆంద్రె బ్రెతాఁ 1924లో పారిస్‌లో ప్రకటించిన పద్ధతికి ఆ వర్ణన చాలావరకు సరిపోతుంది. బ్రస్సెల్స్ బృందం దారి వేరు. అదుపు తప్పి రాయడం, గీయడం మీద నూజేకు గురి లేదు, మాగ్రిట్‌కూ లేదు. ఒక వస్తువును తీసుకుని, దానికి సరైన ఎదురు వస్తువు ఏదని లెక్కలవాడిలా వెతకడం ఆయన పద్ధతి. కలను చూపించే ప్రదర్శన అని ప్రకటనల్లో రాసుకున్న ప్రతి మ్యూజియమూ ఈ తేడాను కొంత చెరిపేసింది.

జెట్టె ఇంటిని 1999లో మ్యూజియంగా తెరిచారు. అక్కడ చూడవలసినవి గొప్ప చిత్రాలు కావు. అవి దాదాపు లేవు. చూడవలసింది ఇల్లే. పైకి జరిపే కిటికీ, మెట్ల వరస, తలుపులు, ఇందాకటి ఫైర్‌ప్లేస్, ఇంటి ముందు వీధి దీపం, వీటిలో ఏది ఏ చిత్రంలోకి వెళ్లిందో చూపరే గుర్తుపట్టుకుంటూ తిరగవచ్చు. మాగ్రిట్‌కు విడిగా స్టూడియో లేదు. వెనకవైపు భోజనాల గదిలో ఈజిల్ నిలబెట్టుకుని, గుమాస్తా ఆఫీసుకు పోయినట్టు కోటూ టై కట్టుకుని వేసేవాడు. తోటలో ఒక షెడ్డు ఉంది. అందులో తమ్ముడు పోల్‌తో కలిసి స్టూడియో డోంగో అనే పేరుతో వాణిజ్య ప్రకటనల బొమ్మలు వేసి పొట్టపోసుకున్నాడు. ఈ ఇంట్లో తిరిగినవాళ్లకు కలిగే ఆశ్చర్యం ఒకటే: ఇంత మామూలు గదుల్లోంచా అవన్నీ వచ్చాయి? ఆ ప్రశ్నకు ఇల్లు సమాధానం చెప్పదు. చెప్పకపోవడమే దాని విలువ.

నగరం నడిబొడ్డున, ప్లాస్ రోయాల్ చౌకులో, 2009 జూన్ 2న తెరిచిన మాగ్రిట్ మ్యూజియం దీనికి పూర్తిగా భిన్నమైనది. ఇది బెల్జియం రాయల్ లలితకళా మ్యూజియంలలో భాగం. నవశాస్త్రీయ శైలిలో కట్టిన ఈ పాత భవనం పేరు 'హోటల్ ఆల్టెన్‌లో' (Altenloh). జార్జెట్ వదిలి వెళ్లినవి, స్కూటనేర్ భార్య ఇరేన్ అమ్వార్ రాసిచ్చినవి, మ్యూజియం కొన్నవి, ఇతరులు అప్పుగా ఇచ్చినవి కలిపి రెండు వందలకు పైగా కృతులు ఇక్కడున్నాయి. ప్రపంచంలో మాగ్రిట్ పని ఇంత మొత్తంలో ఒకచోట ఉన్నది ఇక్కడే. చూపరిని ముందు లిఫ్టులో పైకి తీసుకెళ్తారు. మూడో అంతస్తులో 1898 నుంచి 1929 వరకు, రెండో దానిలో 1930 నుంచి 1950 వరకు, మొదటి దానిలో 1951 నుంచి 1967లో చనిపోయేవరకు. జీవితాన్ని మెట్లు దిగుతూ చదవాలి.

ఈ వరసలో ఒక లోపం ఉంది. మాగ్రిట్ ముందుకు నడిచిన చిత్రకారుడు కాడు. పదేపదే వెనక్కి తిరిగి అదే ఆపిలుకు, అదే గుండ్రటి నల్ల టోపీకి, అదే మేఘానికి వచ్చినవాడు. కాలక్రమం ఆ తిరుగుళ్లను ఎదుగుదలగా చూపిస్తుంది. అయితే ఈ మ్యూజియం చేసిన మంచి పని మరొకటుంది. నూనెరంగుల చిత్రాల పక్కనే ప్రకటనల పోస్టర్లనూ, పాటల పుస్తకాలకు వేసిన అట్టలనూ, ఉత్తరాలనూ, మిత్రులతో తీసుకున్న చిలిపి ఫొటోలనూ పెట్టింది. సిగరెట్టు ప్రకటనకు అక్షరాలు ఎలా అమర్చాలో తెలిసినవాడే పైపు బొమ్మ కింద వాక్యం రాశాడన్న సంగతి ఎవరూ చెప్పకుండానే కంటికి తోస్తుంది.

ఆ పైపు సంగతే చూద్దాం. 1929 నాటి చిత్రం, ఇప్పుడు లాస్ ఏంజెలస్ కౌంటీ మ్యూజియంలో ఉంది. వెడల్పు ఎనభై సెంటీమీటర్లకు కాస్త పైన. లేత గోధుమ రంగు నేపథ్యం మీద నిగనిగలాడే పొగాకు పైపు. దాని కింద, పంతులుగారు బోర్డు మీద రాసినంత గుండ్రంగా, ఇది పైపు కాదు అని ఫ్రెంచిలో ఒక వాక్యం. దాని పక్కన మ్యూజియం తన ఆచారం ప్రకారం మరో పలక పెట్టక తప్పదు: పేరు, సంవత్సరం, కాన్వాసు మీద నూనెరంగులు, కొలతలు. పలకలను ఎగతాళి చేయడానికి పుట్టిన బొమ్మకు మళ్లీ పలక. ప్రదర్శనను రూపొందించే ఏ క్యూరేటరూ దీన్ని తప్పించుకోలేడు, ఎందుకంటే పలక పెట్టకపోయినా అదీ ఒక వ్యాఖ్యానమే అవుతుంది.

తప్పించుకోలేనప్పుడు ఆటలోకి దూకేద్దామని అదే మ్యూజియం 2006లో నిర్ణయించుకుంది. మాగ్రిట్‌నూ, ఆయన ప్రభావం పడిన సమకాలీన కళాకారులనూ కలిపి పెట్టిన ఆ ప్రదర్శనకు గదుల రూపకల్పనను జాన్ బాల్డెసారి అనే కళాకారుడికే అప్పగించారు. ఆయన నేలంతా నీలాకాశం, తెల్లమబ్బులు నేసిన తివాచీ పరిచాడు. పైకప్పుకు లాస్ ఏంజెలస్ రహదారుల కూడళ్ల ఫొటోలు అతికించాడు. ఆకాశం కాళ్ల కింద, రోడ్లు నెత్తి మీద. గ్యాలరీ కాపలాదారుల తలల మీద గుండ్రటి నల్ల టోపీలు. విన్నంతసేపు ముచ్చటగానే ఉంటుంది. కానీ మాగ్రిట్ వింత పనిచేయాలంటే చుట్టూ ఉన్న ప్రపంచం మామూలుగా ఉండాలి. గదే వింతైపోతే గోడమీది బొమ్మ ఆ గదిలో తీరైన సామానుగా మారిపోతుంది. జేమ్స్ ఫైర్‌ప్లేస్ మీద జరిగింది మళ్లీ జరిగినట్టే. ఒక్క మేలు మాత్రం కాదనలేనిది: మబ్బుల మీద నడుస్తున్నప్పుడు కాళ్లు ఒక్క క్షణం అనుమానించి ఉంటాయి, మాగ్రిట్ కోరింది సరిగ్గా ఆ అనుమానమే.

పారిస్‌లో పాంపిడూ సెంటర్ 2016 సెప్టెంబరులో మొదలుపెట్టిన ప్రదర్శన జీవితాన్నీ, ఆటనూ రెండింటినీ పక్కనపెట్టింది. క్యూరేటర్ దిదియే ఒతింజే మాగ్రిట్‌ను తత్త్వవేత్తలతో మాట్లాడే చిత్రకారుడిగా చూపించదలచాడు. నిప్పు, నీడ, తెర, మాట, ముక్కలైన శరీరం అనే అంశాల చుట్టూ గదులు కట్టి, ఒక్కొక్కదాన్నీ చిత్రకళ పుట్టుక గురించిన ప్రాచీన గ్రీకు, రోమను కథలకు ముడిపెట్టాడు. ద్రాక్షపళ్లను వేసి పిట్టలను మోసగించిన చిత్రకారుడు, తెరను వేసి ఆ చిత్రకారుణ్ణే మోసగించిన పోటీదారు, ప్లేటో గుహలో నీడలు చూస్తూ కూర్చున్న బందీలు, ఇలా. దీనికి ఆధారం లేకపోలేదు: మాగ్రిట్ 1966లో ఫ్రెంచి తత్త్వవేత్త మిషెల్ ఫూకోకు ఉత్తరం రాసి, పోలిక, సాదృశ్యం అనే మాటల మధ్య తేడాను చర్చించాడు. జీవిత చరిత్ర అడ్డం రాకపోవడం వల్ల చిత్రాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే వీలు కలిగింది. కానీ మాగ్రిట్ చిత్రాల్లో ఒక మోటు హాస్యం ఉంది, వీధి కొట్టు బోర్డుకు ఉండే తేటదనం ఉంది. ఎప్పుడూ ప్లేటోను పక్కన కూర్చోబెడితే అవి మర్యాదగా తప్పుకుంటాయి.

మోటు హాస్యం కట్టలు తెంచుకున్న సందర్భం ఒకటుంది, దాన్ని చాలా పునరావలోకన ప్రదర్శనలు పక్క గదిలోకి నెట్టేశాయి. 1948లో పారిస్‌లోని గాలరీ ద్యు ఫోబూర్ తొలిసారి ఆ నగరంలో మాగ్రిట్ ఒక్కడి ప్రదర్శన ఏర్పాటు చేసింది. అప్పటికి ఆయన వయసు యాభైకి దగ్గరపడింది. ఇన్నేళ్లూ తనను లెక్కచేయని పారిస్ ఇప్పుడు పిలిచింది. ఆయన కొద్ది వారాల్లో, గబగబా, వ్యంగ్య చిత్రాల వారపత్రికను తలపించే అరుపు రంగులతో, వెకిలి మొహాలతో ఒక కట్ట బొమ్మలు వేసి పంపాడు. ఒక్కటీ అమ్ముడుపోలేదు. పారిస్ మొహం చిట్లించింది, జార్జెట్‌కూ నచ్చలేదు, ఆయన తన పాత నునుపు చేతికి తిరిగి వచ్చేశాడు. ఈ దశను ఫ్రెంచిలో 'వాష్', అంటే ఆవు, అంటారు. సమయాన్ని బట్టి ఆ మాటకు మొరటు అనే అర్థం కూడా ఉంది. దీనికి ముందు 1943 నుంచి, జర్మన్ ఆక్రమణ కాలంలో, ఫ్రెంచి చిత్రకారుడు రెన్వార్ పద్ధతిలో వెచ్చటి ఎండ రంగులతో వేసిన చిత్రాలదీ ఇదే గతి. చేతిపని మారితే అది మాగ్రిట్ కాదని చూపరులూ, కొనుగోలుదారులూ నిశ్చయించుకున్నారు.

ఫ్రాంక్‌ఫర్ట్‌లోని షిర్న్ ప్రదర్శనశాల 2008లో ఆవు దశకే ఒక ప్రదర్శన కేటాయించింది. శాన్‌ఫ్రాన్సిస్కో ఆధునిక కళా మ్యూజియం 2018లో 1943 తర్వాతి మాగ్రిట్‌ను మాత్రమే తీసుకుని డెబ్భైకి పైగా కృతులతో ప్రదర్శన పెడుతూ, ఎండ రంగులనూ ఆవు బొమ్మలనూ ముందు గదుల్లోనే నిలబెట్టింది. పారిస్‌లోని ఒరాంజెరీ మ్యూజియం 2021లో మాగ్రిట్‌ను నేరుగా రెన్వార్ పక్కనే వేలాడదీసింది. ఇవన్నీ కలిసి చేసిన మార్పు పెద్దది. అంతకుముందు ఆ అయిదేళ్లూ ఒక మంచి చిత్రకారుడికి పట్టిన జ్వరంలా కనిపించేవి. ఇప్పుడు, ప్రసిద్ధమైన ఆ నునుపు చేయి స్వభావం కాదనీ, అది ఎంచుకున్నదనీ, కావాలనుకుంటే ఆయన మరోలా వేయగలిగేవాడనీ తెలుస్తోంది. అది తెలిశాక ఆపిలు కూడా ముందులా కనిపించదు.

శాన్‌ఫ్రాన్సిస్కో ప్రదర్శనకు మరో అనుకూలత ఉంది: 1952 నాటి 'సొంత విలువలు' ఆ మ్యూజియం సొత్తే. పడకగది గోడలకు ఆకాశమే కాగితం. మంచం మీద మనిషెత్తు దువ్వెన గోడకు చేరగిలబడి ఉంది. బీరువా మీద గడ్డానికి సబ్బు రాసే బ్రష్షు, నేల మీద గాజు గ్లాసు, అగ్గిపుల్ల, సబ్బుబిళ్ల, అన్నీ గదిసామానుతో పోటీపడేంత పెద్దవి. న్యూయార్క్‌లో మాగ్రిట్ చిత్రాలు అమ్మే అలెగ్జాండర్ ఇయోలాస్ దీన్ని చూసి వికారం పుట్టిందని ఉత్తరం రాశాడు. వస్తువులు తమ మామూలు వాడకాన్ని వదులుకుంటే అలా అనిపించడమే సహజమన్న ధోరణిలో మాగ్రిట్ జవాబిచ్చాడు. ఆ ఇచ్చిపుచ్చుకోలు ముందు ఏ వివరణ పలకైనా వెలవెలబోతుంది.

ఇయోలాస్ వ్యాపారి, అందుకని ఆయనకు ఏది నచ్చిందో కూడా చెప్పుకోవాలి. కింద చీకటి వీధి, వెలిగే దీపం, పైన పట్టపగటి ఆకాశం ఉండే 'వెలుగుల సామ్రాజ్యం' ఎన్ని వేసినా అమ్ముడుపోయింది. 1949 నుంచి మాగ్రిట్ నూనెరంగుల్లోనే పదిహేడు సార్లు దాన్ని వేశాడు. 1954 వెనిస్ ద్వైవార్షిక ప్రదర్శనలో ఒక ప్రతిని ఆయన ఒకరికి మించిన వాళ్లకు మాటిచ్చేశాడు. చివరికి అది చిత్రాలు సేకరించే పెగ్గీ గుగ్గెన్‌హైమ్ దగ్గరికి చేరింది, మిగిలినవాళ్ల కోసం మళ్లీ వేయవలసి వచ్చింది. 1954 నాటి ఒక ప్రతి 2024 నవంబరులో న్యూయార్క్ క్రిస్టీస్ వేలంలో 12 కోట్ల 10 లక్షల డాలర్లకు పైగా పలికింది. ఆ ధర ప్రదర్శనల మీద పడే తీరు సూటిగానే ఉంటుంది. అప్పు తెచ్చే ప్రతి చిత్రానికీ దాని విలువను బట్టి బీమా చేయించాలి, కాపలా పెంచాలి, వెంట మనిషిని పంపాలి. వేలం ధర పెరిగిన కొద్దీ అనేక ప్రతులను ఒకే గదిలో చేర్చి పోల్చి చూపించడం ఖరీదైన పని అవుతుంది. మాగ్రిట్ విషయంలో ఆ పోలికే అత్యవసరం, ఎందుకంటే ఒక ప్రతికీ మరో ప్రతికీ మధ్య చెట్టు ఎంత పెరిగిందో, దీపం ఎంత జరిగిందో చూస్తేగానీ ఆయన లెక్క దొరకదు. ఇది చాలనట్టు, ఐరోపాలో ఆయన చిత్రాలకు కాపీహక్కు 2037 చివరి వరకు ఉంటుంది. అంతవరకు కరపత్రం మీద బొమ్మ వేయాలన్నా అనుమతి కావాలి.

చిన్న మ్యూజియంలకు ధర మరో రకంగా కూడా తగులుతుంది. ప్లాస్ రోయాల్ మ్యూజియం తెరిచి నాలుగు నెలలైనా కాకముందే, 2009 సెప్టెంబరు 24 ఉదయం, జెట్టె ఇంట్లోకి ఇద్దరు సాయుధులు చొరబడి 1948 నాటి 'ఒలింపియా' చిత్రాన్ని ఎత్తుకుపోయారు. బొడ్డు మీద పెద్ద శంఖం పెట్టుకుని పడుకున్న నగ్న స్త్రీ అందులో ఉంది. నమూనాగా కూర్చున్నది జార్జెట్. అంత పేరున్న బొమ్మను ఎవరూ కొనరు కాబట్టి 2012 జనవరిలో అది తిరిగి వచ్చింది. పెద్ద మ్యూజియం చిత్రాలను కాపాడగలదు, ఇంటిని చూపించలేదు. ఇల్లు తనను తాను చూపించగలదు, చిత్రాలను కాపాడలేదు. బ్రస్సెల్స్‌కు రెండూ ఉండటం అదృష్టమే.

ఇక పనివాడిగా మాగ్రిట్‌ను అన్నిటికన్నా దగ్గరగా చూపించిన ఘటన గోడ మీద కాదు, ప్రదర్శనకు ముందు జరిగే పరీక్షల బల్ల మీద జరిగింది. న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం, హ్యూస్టన్‌లోని మెనిల్ కలెక్షన్, చికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ కలిసి 2013లో 1926 నుంచి 1938 వరకు వేసిన ఎనభై దాకా కృతులతో ఒక ప్రదర్శన సిద్ధం చేశాయి. ఆ సన్నాహంలో భాగంగా న్యూయార్క్ సంరక్షకులు 1935 నాటి 'చిత్తరువు'ను ఎక్స్-రే తీశారు. భోజనానికి అమర్చిన బల్ల, సీసా, గ్లాసు, కత్తీ ఫోర్కూ, పళ్లెంలో పంది మాంసపు ముక్క, ఆ ముక్క మధ్యలోంచి చూపరి వైపే చూస్తున్న ఒక కన్ను: ఇదీ పై బొమ్మ. ఎక్స్-రేలో దాని కింద మరో బొమ్మ, అదీ ఒక ముక్క మాత్రమే, బయటపడింది. సిల్వెస్టర్ చిత్రసూచిలోని ఒక నలుపు తెలుపు ఫొటోతో పోల్చి చూస్తే అది 1927లో వేసి తర్వాత జాడ తెలియకుండా పోయిన 'మంత్రముగ్ధ భంగిమ' అని తేలింది. విరిగిన స్తంభాల మీద చేయి ఆనించి నిలబడిన ఇద్దరు నగ్న స్త్రీలు, పికాసో ప్రాచీన శైలి నీడ పడిన పెద్ద కాన్వాసు.

అంటే మాగ్రిట్ దాన్ని కోసి నాలుగు చిన్న కాన్వాసులుగా చేసుకున్నాడు. కారణం మనసులో వెతకనక్కరలేదు. 1927లో ఆయన మొదటి సొంత ప్రదర్శన జరిపిన బ్రస్సెల్స్‌లోని లె సాంతోర్ గ్యాలరీ ఆర్థిక మాంద్యంలో మూతపడింది. నెలనెలా వచ్చే జీతంలాంటి ఒప్పందం దానితోనే పోయింది. 1930లో పారిస్ వదిలి జెట్టెకు చేరాడు, తోటలో షెడ్డు వేసి ప్రకటనలు మొదలుపెట్టాడు. ఎవరూ కొనని పెద్ద బొమ్మ ఇంట్లో చోటు తినడమే కాదు, కొత్త కాన్వాసుకు డబ్బు కూడా లేదు. దర్జీ పాత చీరను గౌన్లుగా కుట్టినట్టు ఆయన పాత బొమ్మను కొత్త బొమ్మలుగా కత్తిరించాడు.

రెండో ముక్క స్టాక్‌హోమ్‌లోని మోడెర్నా మ్యూజియంలో, బూట్లు మెల్లగా పాదాలుగా మారిపోయే 'ఎర్ర నమూనా' కింద దొరికింది. మూడోది 2016లో ఇంగ్లండ్‌లోని నారిచ్ కాజిల్ మ్యూజియంలో బయటపడింది. అక్కడి 'మానవ స్థితి' చిత్రాన్ని పరీక్షిస్తున్న సంరక్షకురాలికి కాన్వాసు అంచుల మీద, పై బొమ్మకు సంబంధం లేని రంగు కనిపించడంతో అనుమానం మొదలైంది. ఈజిల్ మీది బొమ్మ వెనకనున్న దృశ్యంలో అతుకు తెలియకుండా కలిసిపోవడం ఆ 'మానవ స్థితి' వరసలో ప్రతి చిత్రానికీ విషయం. ఒక బొమ్మ వెనక ఏముందో ఎప్పటికీ కనబడదని చెప్పే చిత్రం వెనక నిజంగానే మరో బొమ్మ ఉండటం మాగ్రిట్ కావాలని చేసిన పని కాకపోవచ్చు, కానీ చేసినా ఇంతకన్నా బాగా చేయలేడు. నాలుగోది 2017లో బ్రస్సెల్స్‌లోనే, రాయల్ మ్యూజియంల సేకరణలోని 'దేవుడు పుణ్యాత్ముడు కాడు' కింద, లియేజ్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తల పరీక్షలో తేలింది.

ఇప్పుడు నలుపు తెలుపు ఫొటో, నాలుగు ఎక్స్-రేలు, అంచుల్లో దొరికిన రంగులు కలిపి ఆ పాత చిత్రం ఎలా ఉండేదో కంప్యూటరు తెర మీద కట్టి చూపవచ్చు. నాలుగు కాన్వాసులూ నాలుగు నగరాల్లో ఉన్నాయి. ఏ మ్యూజియమో పూనుకుని వాటిని ఒకే గోడ మీద, కోసిన వరసలోనే పేర్చినా, అక్కడ నిలబడిన మనిషికి కనిపించేది కన్నున్న మాంసపు ముక్క, వేళ్లున్న బూట్లు, ఈజిల్ మీది బొమ్మ, వాటి పక్కన నాలుగోది.